షెడ్డు కట్టే ముందు రోజులు లెక్కపెట్టండి

హైదరాబాదు జీడిమెట్ల పారిశ్రామికవాడలో మా షెడ్డు మొదలై ముప్పై ఏళ్ళు దాటింది. స్టెయిన్‌లెస్ స్టీలు రియాక్టర్లు, నిల్వ ట్యాంకులు, కండెన్సర్లు తయారుచేస్తాం. కొనేవాళ్ళు దాదాపు అందరూ మందుల ముడిసరుకు చేసే కంపెనీలవాళ్ళే. వాటిని మా వాడుకలో బల్క్ డ్రగ్ కంపెనీలు అంటాం. ప్లేటు కోయడం, వంచడం, ఆర్గాన్ వెల్డింగ్, పాలిష్ మా ఆయన చూస్తారు. కొటేషన్లు, బిల్లులు, బ్యాంకు, పన్నులు, వసూళ్ళు నా పని. నేను బీకాం చదివాను. కానీ వసూళ్ళ పని ఏ పుస్తకంలోనూ లేదు, ఫోను పట్టుకునే నేర్చుకున్నాను.

సొంతంగా ఏదైనా పెట్టాలనుకునే పిల్లలు ఆదివారాలు మా ఇంటికి వస్తారు. కొందరు బంధువుల పిల్లలు, కొందరు మా దగ్గరే పనిచేసి వెళ్ళినవాళ్ళు. ఏ వ్యాపారం బాగుంటుందని, ప్రభుత్వం ఏమిస్తుందని అడుగుతారు. వాళ్ళకు నేను ముందుగా వేసే ప్రశ్న ఒకటుంది: పెట్టిన రూపాయి ఎన్ని రోజులకు తిరిగి చేతికొస్తుంది? ఢిల్లీలో చేసిన చట్టమైనా, మన బజారులో తరాలుగా నడిచే అలవాటైనా చివరికి మన షెడ్డులోకి వచ్చేది రోజుల రూపంలోనే. ఆ రోజులను లెక్కపెట్టుకోవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. నాకు తెలిసింది ఇంజినీరింగ్ షెడ్డు, మందుల కంపెనీలు. మీది పచ్చళ్ళ వ్యాపారమైనా, ప్రింటింగ్ ప్రెస్ అయినా లెక్క వేసే పద్ధతి మారదు.

ముందు నోట్‌బుక్

200 పేజీల పొడవాటి నోట్‌బుక్ కొనండి. ఈ ఒక్క లెక్క కంప్యూటర్‌లో వద్దు, చేత్తో రాస్తేనే మనసులో నిలుస్తుంది. ఎడమ పేజీలో చట్టం చెప్పే రోజులు రాయండి. కుడి పేజీలో మీ వ్యాపారంలో నిజంగా నడిచే రోజులు రాయండి.

నా ఎడమ పేజీలో ఉన్నవి ఇవి. నెలవారీ రిటర్ను వేసేవారు జీఎస్టీ కట్టాల్సింది మరుసటి నెల 20వ తేదీలోగా. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొన్నవాడు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బివ్వాలి. 180 రోజులు దాటినా మనకు డబ్బివ్వకపోతే, ఆ బిల్లులోని పన్నును తన పన్నులో తగ్గించుకున్న మొత్తాన్ని, అంటే జీఎస్టీ క్రెడిట్‌ను, అతడు వడ్డీతో వెనక్కి కట్టాలి. మన బ్యాంకు వాయిదా 90 రోజులకు మించి నిలిచిపోతే ఖాతా మొండి బాకీల్లోకి పోతుంది.

కుడి పేజీ సంగతి వేరు. స్టీలు ప్లేటు అమ్మే వ్యాపారి 7 రోజులు ఆగుతాడు, పాత పరిచయమైతే 15. వెల్డర్లకు ప్రతి శనివారం ఖర్చులకు ఇవ్వాలి, మిగిలిన జీతం నెలాఖరున. కరెంటు బిల్లు, ఆర్గాన్ సిలిండర్లు ఎవరి కోసమూ ఆగవు. కొనే కంపెనీ తన పర్చేజ్ ఆర్డరులో 60 రోజులని రాస్తుంది, డబ్బు ఖాతాలో పడేది 95వ రోజున.

రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. నెలకు 10 లక్షల అమ్మకాలున్నాయనుకుందాం. డబ్బు 45 రోజులకు వస్తే ఎప్పుడు చూసినా సుమారు 15 లక్షలు బయట ఉంటాయి. 90 రోజులకు వస్తే 30 లక్షలు. ఆ తేడా 15 లక్షలను 12 శాతం వడ్డీకి తెస్తే ఏడాదికి 1,80,000 రూపాయలు పోతాయి. చిన్న షెడ్డుకు అది ఒక మంచి వెల్డర్ ఏడాది జీతంలో సగానికి పైనే. సరుకులో లోపం లేదు, పనిలో లోపం లేదు, అయినా లాభం రోజుల్లో కరిగిపోతుంది. "ఆర్డర్లు నిండుగా ఉన్నాయి, చేతిలో పైసా లేదు" అని చెప్పేవాళ్ళను నేను ఎంతమందిని చూశానో. వాళ్ళలో ఎవరూ బద్ధకస్థులు కారు.

పన్ను రోజు కూడా ఇలాగే. మార్చి 28న 10 లక్షల బిల్లు చేస్తే 18 శాతం చొప్పున 1,80,000 జీఎస్టీ. ప్లేటు కొన్నప్పుడు మనం కట్టిన పన్ను తీసివేయగా మిగిలింది ఏప్రిల్ 20కల్లా కట్టాలి. కొన్నవాడు 95వ రోజున ఇస్తే అది జూలై 1. అంటే ఇంకా మన చేతికి రాని డబ్బు మీద పన్నును 72 రోజుల ముందే మన జేబులోంచి కట్టాం. అందుకే ట్యాంకు నెలాఖరులో సిద్ధమై, కొనేవారికి తొందర లేకపోతే వాళ్ళను అడిగి 1వ తేదీన లారీ ఎక్కిస్తాను. ఒక్క రోజు ఆగితే పన్ను గడువు నెల రోజులు జరుగుతుంది.

జీఎస్టీలోని కాంపోజిషన్ పథకం గురించి చాలామంది అడుగుతారు. ఏడాదికి కోటిన్నర లోపు అమ్మకాలున్న తయారీదారు 1 శాతం కట్టి సరిపెట్టుకోవచ్చు, లెక్కలు తేలిక. కానీ మీ దగ్గర కొన్న కంపెనీకి పన్ను క్రెడిట్ రాదు, మీరు పక్క రాష్ట్రానికి అమ్మలేరు. ఇళ్ళకు అమ్మేవారికి ఇది మంచిదే. కంపెనీలకు అమ్మాలనుకునేవారు దాని జోలికి వెళ్ళవద్దు. పన్ను పద్ధతి ఎంచుకున్న రోజే మీకు ఎవరు కొనుగోలుదారులవుతారో కూడా తేలిపోతుంది.

విధానాన్ని ఎలా చదవాలి

పత్రికలో బడ్జెట్ మరునాడు వచ్చే శీర్షికలు చూసి పెట్టుబడి పెట్టకండి. ఉత్తర్వు ప్రతి సంపాదించి మూడు చోట్ల గీత గీయండి: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎవరికి, ఎవరికి కాదు. తర్వాత ఇంకొక ప్రశ్న వేసుకోండి: దీనివల్ల లాభపడేవాడు ఎవరి దగ్గర ఏం కొంటాడు? ఈ చివరి ప్రశ్నే మా షెడ్డును నిలబెట్టింది. దాని వెనక ఉన్న కథ హైదరాబాదుది. కొంచెం పొడుగైనా చెబుతాను, ఎందుకంటే విధానం ఎలా పనిచేస్తుందో నేను నేర్చుకున్నది దాని నుంచే.

1961లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ ఏర్పడింది. సోవియట్ సాయంతో దాని సింథటిక్ డ్రగ్స్ ఫ్యాక్టరీ బాలానగర్ దగ్గర వచ్చింది. రసాయనాలతో పెద్ద ఎత్తున పనిచేయడం తెలిసిన వందల మంది అక్కడ తయారయ్యారు. తర్వాత 1970 నాటి పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మందుకు పేటెంటు లేదు, మందు తయారుచేసే పద్ధతికే ఉంది. అది కూడా గరిష్ఠంగా ఏడేళ్ళే. అదే మందును వేరే దారిలో చేయగలిగితే మీరు అమ్ముకోవచ్చు. చట్టం తలుపు తీసింది, లోపలికి నడవగల మనుషులను ఐడీపీఎల్ తయారుచేసింది.

వాళ్ళలో తాడేపల్లి రైతు కుటుంబం నుంచి వచ్చిన అంజిరెడ్డి గారు ఒకరు. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికి వచ్చి, తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. అదే సంవత్సరం అమెరికాలో వచ్చిన ఒక చట్టం, పేటెంటు గడువు తీరిన మందులను వేరే కంపెనీలు జనరిక్‌లుగా తక్కువ ఖర్చుతో బజారులోకి తెచ్చే దారి వేసింది. అప్పట్లో అది జీడిమెట్ల భవిష్యత్తు అని ఎవరికి తోచి ఉంటుంది? మా పొట్ట నింపిన చట్టాల్లో ఒకటి వాషింగ్టన్‌లో పుట్టింది. అందుకే మీ వ్యాపారంలో చివరి కొనుగోలుదారు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టం కూడా మీ ఎడమ పేజీలో ఉండాలి.

చట్టాలు ఇంత సాయం చేసినా మనుషుల నడవడిక లేకపోతే ఇది జరిగేది కాదు. కోస్తా జిల్లాల్లో వ్యవసాయం మీద మిగిలిన డబ్బు ఈ కంపెనీల్లోకి వచ్చింది. బావమరిది పది వేలు, మేనమామ ఇరవై వేలు వేసి వాటాదారులయ్యారు. ఉద్యోగం మాని సొంతంగా పెట్టుకునేవాణ్ణి మా ప్రాంతంలో ద్రోహిగా చూడరు, మొదటి ఆర్డరు పాత యజమానే ఇస్తాడు. మా దగ్గర పదకొండేళ్ళు చేసిన హెడ్ వెల్డర్ వెళ్ళి రెండు వీధుల అవతల షెడ్డు పెట్టుకున్నప్పుడు మా ఆయన రెండు నెలల జాబ్ వర్కు అతనికే ఇచ్చారు. నాకు అప్పుడు కోపం వచ్చింది. ఆ తర్వాత మా వంచే యంత్రం పాడైన వారం రోజులు అతని యంత్రం మీదే మా పని నడిచింది. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఏ పారిశ్రామిక విధానమూ ఉత్తర్వు వేసి తేలేదు.

ఐడీపీఎల్ మాత్రం 1990ల్లో ఖాయిలా పడింది. అదే చట్టం, అదే విజ్ఞానం, అక్కడ నేర్చుకున్న మనుషులే బయట నిలబడ్డారు. బయటివాళ్ళు ధర పడిపోయిన సరుకును మరుసటి వారమే మానేసి ఇంకొకటి పట్టుకోగలిగారు. పెద్ద ప్రభుత్వ సంస్థలో ఆ నిర్ణయం ఎన్ని బల్లలు దాటాలో ఊహించుకోండి. అక్కడ కూడా తేడా రోజుల్లోనే అని నా అభిప్రాయం.

1991 జూలై 24న వంగర గ్రామానికి చెందిన పీవీ నరసింహారావు గారి ప్రభుత్వం చాలా పరిశ్రమలకు లైసెన్సు అవసరాన్ని తీసేసింది. మా షెడ్డు ఆ తర్వాతి గాలిలో పుట్టిందే. 1995 జనవరి 1న భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. మందులకు మళ్ళీ పూర్తి పేటెంటు ఇవ్వడానికి పదేళ్ళ గడువు వచ్చింది. సరిగ్గా 2005 జనవరి 1 నుంచి అది అమలైంది. పదేళ్ళ ముందే తేదీ చెప్పిన మార్పు అది! ఆ పదేళ్ళలో అమెరికా బజారుకు తయారైన కంపెనీలు పెద్దవయ్యాయి. "అప్పటికి చూద్దాంలే" అనుకున్న చిన్న కంపెనీలు కొన్ని మా కళ్ళ ముందే తాళాలు వేశాయి. వాటిలో రెండు మాకు బాకీ ఉండేవి.

మాకు ఆ మార్పు కాగితం రూపంలో వచ్చింది. అంతకుముందు ట్యాంకు నీళ్ళు పోసి చూపిస్తే చాలు. అమెరికా తనిఖీ అధికారులు రావడం మొదలయ్యాక కంపెనీలు ప్లేటు హీట్ నంబరు (ఆ స్టీలు ఏ పోతలో తయారైందో చెప్పేది), మిల్లు పరీక్ష పత్రం, ఏ అతుకు ఏ వెల్డర్ వేశాడో రికార్డు అడగసాగాయి. మా ఆయన మొదట ఒప్పుకోలేదు, "నా పని చూసి తీసుకోండి" అన్నారు. నేను ఒక డ్రాఫ్ట్స్‌మన్‌ను, ఫైళ్ళు చూసే అమ్మాయిని పెట్టుకుందామని పట్టుబట్టాను. నెలకు పన్నెండు వేల అదనపు ఖర్చు. ఆ ఫైళ్ళున్నందుకే మేము పాత వాళ్ళను దాటి పెద్ద కంపెనీల జాబితాలోకి ఎక్కాం.

ఇప్పుడు మీరు చదవాల్సిన విధానాలు కూడా ఉన్నాయి. ఒకప్పుడు పెనిసిలిన్ ముడిసరుకు ఇక్కడే చేసేవాళ్ళం. చౌక దిగుమతుల ముందు ఆ ఫ్యాక్టరీలు నిలవలేదు. 2020లో కేంద్రం బల్క్ డ్రగ్స్ కోసం 6,940 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. కాకినాడ జిల్లా తొండంగి దగ్గర పెనిసిలిన్ ఫ్యాక్టరీ దాని కింద వచ్చినదే. ఆ పథకానికి దరఖాస్తు చేసే స్తోమత నాకు లేదు, మీకూ ఉండకపోవచ్చు. అయినా అలాంటి ఫ్యాక్టరీకి పైపులు, ట్యాంకులు, నిచ్చెనలు, పెయింటు, క్యాంటీన్, బస్సు అన్నీ కావాలి. పథకం పేరు విన్న రోజే లబ్ధిదారుల జాబితా వెతికి, వాళ్ళకు అమ్మేవారి జాబితాలో చేరే ప్రయత్నం మొదలుపెట్టండి.

అలవాటును ఎలా చదవాలి

ఒక కంపెనీకి సరుకు ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవడానికి దాని బ్యాలెన్స్ షీటు చూడమంటారు. చూడండి. కానీ అది ఏడాది పాత బొమ్మ. నేను ముగ్గుర్ని అడుగుతాను.

మొదటివాడు క్యాంటీన్ కాంట్రాక్టరు. డబ్బు బిగిసినప్పుడు కంపెనీలు అందరికన్నా ముందు ఆపేది అతని బిల్లే. "పోయిన మూడు నెలల బిల్లు వచ్చిందా?" అని అడగండి, ముఖం చూస్తేనే తెలుస్తుంది. రెండో వాడు అక్కడ పనిచేసే ఆపరేటరు. జీతం ఏ తేదీన పడుతుంది, పోయిన దీపావళి బోనసు పండుగకు ముందు ఇచ్చారా తర్వాత ఇచ్చారా అని అడగండి. సొంత మనుషులకు తేదీ తప్పేవాడు మీకు మాత్రం తేదీ తప్పడని ఎలా అనుకుంటారు? మూడోవాడు ఆ కంపెనీకి సరుకు ఇవ్వడం మానేసిన మీలాంటి చిన్న తయారీదారు. ఎందుకు మానేశావని అడిగి, అతను చెప్పింది మొత్తం వినండి. మధ్యలో మీ అభిప్రాయం చెప్పకండి.

మీకు ఆర్డరు ఇచ్చే పర్చేజ్ మేనేజరు మాటకు ఇందులో తక్కువ విలువ ఇవ్వండి. ఆయన మంచివాడే కావచ్చు. డబ్బు విడుదల చేసేది మాత్రం అకౌంట్స్ విభాగం. మొదటి ఆర్డరు వచ్చిన రోజే అకౌంట్స్‌లో మీ బిల్లు ఎవరి బల్ల మీదికి వెళ్తుందో కనుక్కుని, వెళ్ళి నమస్కారం చెప్పి రండి. బిల్లులో ఏ నంబరు లేకపోతే వాళ్ళు పక్కన పెడతారో అడగండి. నా బిల్లుల్లో సగం ఆలస్యాలు ఇలాంటి చిన్న కారణాల వల్లే అని ఎనిమిదేళ్ళ తర్వాత తెలిసింది. పర్చేజ్ ఆర్డరు నంబరు పక్కన ఐటం వరుస సంఖ్య రాయలేదని ఒకచోట మా బిల్లు 40 రోజులు ఒక ట్రేలో పడి ఉంది. ఎవరూ ఫోను చేసి చెప్పలేదు.

కమీషన్ అడిగేవాళ్ళు ఎదురవుతారు. మేము ఇవ్వలేదు, ఆర్డర్లు పోయాయి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కమీషన్ ఇచ్చి తెచ్చుకున్న ఆర్డరులో పని తగ్గించి ఆ డబ్బు రాబట్టాలి. మేము చేసేది ఒత్తిడి కింద నడిచే పాత్రలు. వాటి పక్కన నిలబడి పనిచేసేవాళ్ళ ప్రాణాల మీద ఆ పొదుపు చేయలేం.

చుట్టాలతో భాగస్వామ్యానికి మన దగ్గర ఎప్పుడూ కాగితం రాసుకోరు, రాయమంటే నమ్మకం లేదా అంటారు. రాయించండి. ఎవరు ఎంత పెట్టారు, జీతం ఎవరికెంత, విడిపోతే యంత్రాలకు ధర ఎవరు కట్టాలి, ఈ మూడు ముక్కలు రాస్తే చాలు. మాటకు కట్టుబడే మనుషులకు కాగితం వల్ల నష్టం లేదు. వాళ్ళు చనిపోయాక పిల్లలు మాటను గుర్తుంచుకోరు.

45 రోజుల హక్కును వాడుకునే తీరు

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం చిన్నవాడికి ఇచ్చిన బలమైన ఆయుధం ఈ 45 రోజులు. ఒప్పందంలో 90 అని రాసుకున్నా చట్టం ముందు 45 దాటి చెల్లదు. గడువు తప్పితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతం అనుకుంటే వడ్డీ 18 శాతం. ఇవ్వకపోతే చిన్న పరిశ్రమల బాకీల తగాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్ళవచ్చు. అక్కడ ఓడిన కొనుగోలుదారు కోర్టులో సవాలు చేయాలంటే తీర్పు మొత్తంలో 75 శాతం ముందు జమచేయాలి.

ఇవన్నీ దక్కాలంటే మొదటి బిల్లుకన్నా ముందే ఉద్యం నమోదు, అంటే కేంద్ర ప్రభుత్వం దగ్గర చిన్న పరిశ్రమగా నమోదు, చేసుకోండి. ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి డబ్బడిగే దళారిని నమ్మకండి. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెరిగాయి: యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, అమ్మకాలు 10 కోట్లు దాటకపోతే సూక్ష్మ, 25 కోట్లు, 100 కోట్లు దాటకపోతే చిన్న పరిశ్రమ. నమోదు పత్రం నంబరు ప్రతి కొటేషన్ మీద, ప్రతి బిల్లు మీద అచ్చు వేయండి.

ఇప్పుడు అసలు సమస్య. హక్కు చట్టంలో ఉంది, దాన్ని వాడితే బజారు అలవాటు శిక్షిస్తుంది. ఒక పార్టీ మా బిల్లును పద్నాలుగు నెలలు ఆపింది. కౌన్సిల్‌కు వెళ్తామని నోటీసు ఇచ్చాం. నెల రోజుల్లో అసలు వచ్చింది, వడ్డీ వదులుకున్నాం. ఆ పార్టీ నుంచి మళ్ళీ ఆర్డరు రాలేదు. ఆ రోజు నేను చేసింది సరైనదేనని ఈనాటికీ అనుకుంటాను, ఎందుకంటే ఆ నెల పదిహేను మంది జీతాలు ఆ డబ్బుతోనే ఇచ్చాను. అయితే నోటీసు చివరి మెట్టు. దానికి ముందున్న మెట్లు ఎక్కకుండా అక్కడికి దూకకండి.

మొదటి మెట్టు కొటేషన్‌లోనే ఉంది. ధర కింద "చెల్లింపు గడువు 45 రోజులు, చట్టం ప్రకారం" అని మర్యాదగా రాయండి. బేరం అయ్యాక రాస్తే గొడవలా ఉంటుంది, బేరానికి ముందు రాస్తే షరతులా ఉంటుంది. అడ్వాన్సు తప్పక అడగండి. మేము ప్లేటు ధరకు సరిపడా, అంటే దాదాపు 40 శాతం అడ్వాన్సు లేకుండా స్టీలు కొనం. రెండో మెట్టు 30వ రోజున ఒక గుర్తుచేసే ఉత్తరం, 40వ రోజున ఫోను. 46వ రోజున వడ్డీ లెక్కతో కూడిన స్టేట్‌మెంటు పంపండి. వడ్డీ అడగాలని కాదు, అంకె వాళ్ళ కళ్ళ ముందు కదలాలి.

2023లో వచ్చిన ఆదాయపు పన్ను మార్పు మనకు ఇంకొక ఊత ఇచ్చింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులోగా కట్టని డబ్బును కొన్న కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేదు, కట్టిన ఏడాదే చూపించాలి. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి అమలు. ఆ ఏడాది మార్చిలో నా ఫోను ఆగలేదు. ఎప్పుడూ వెంటపడితే తప్ప ఇవ్వనివాళ్ళు తామే ఫోను చేసి బాకీ ఎంతని అడిగారు. పన్ను నియమం ఒకటి మారితే ముప్పై ఏళ్ళ అలవాటు కదలడం నేను కళ్ళారా చూశాను. ఇంకో వైపు కూడా చూశాను. ఒకచోట ఉద్యం నమోదు రద్దు చేసుకుంటే ఎక్కువ ఆర్డర్లు ఇస్తామన్నారు. ఒప్పుకోకండి. నమోదు వదులుకున్న రోజు 45 రోజులు, వడ్డీ, కౌన్సిల్ మూడూ పోతాయి. మిగిలేది వాళ్ళ దయ. ఇంకొక సంగతి, ఈ పన్ను మార్పు మధ్యతరహా పరిశ్రమలకు వర్తించదు, సరుకు కొని అమ్మే వ్యాపారులకు కూడా వర్తించదు. మీరు తయారీలో ఉన్నారో వ్యాపారంలో ఉన్నారో నమోదులో సరిగ్గా రాయండి.

పెద్ద కొనుగోలుదారులైతే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ బిల్లుల వేదిక మీద ఉన్నారేమో అడగండి. వాళ్ళు అక్కడ మీ బిల్లు ఒప్పుకుంటే బ్యాంకులు పోటీపడి తగ్గింపు ధరకు ముందే డబ్బిస్తాయి. గడువుకు కంపెనీ కట్టకపోయినా ఆ భారం మీ మీద పడదు.

సబ్సిడీ, అనుమతులు, కాలుష్యం

సబ్సిడీకి దరఖాస్తు చేయండి, కానీ మీ లెక్కలో దాన్ని సున్నాగా వేయండి. మంజూరు పత్రం వేరు, డబ్బు విడుదల వేరు. మధ్యలో బడ్జెట్లు మారతాయి, ప్రభుత్వాలు మారతాయి. సబ్సిడీ వస్తేనే నిలబడే వ్యాపారం పెట్టకండి.

అనుమతుల విషయంలో తెలంగాణలో 2014 నాటి టీఎస్ ఐపాస్ చట్టం మంచి మార్పు. భారీ ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజుల గడువు పెట్టి, యజమాని స్వీయ ధ్రువీకరణను నమ్మింది. ఆ నమ్మకాన్ని మనం నిలబెట్టాలి. దీని గురించి నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ కంపెనీలు వదిలిన నీళ్ళు నక్కవాగులో కలిసి పొలాలు పాడయ్యాయి. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మన నగరం ప్రపంచానికి చవకగా మందులు ఇచ్చిన మాట నిజం. ఆ చవకలో కొంత భాగం ఆ పల్లెల రైతులు కట్టారు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది దూర రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్ళు. తనిఖీలు తగ్గితే మన ఖర్చు తగ్గినట్టు సంబరపడకండి. షెడ్డులో ఆర్గాన్ సిలిండరు గొలుసు, పై నుంచి పని చేసేవాడి నడుము బెల్టు, ట్యాంకు లోపలికి దిగేముందు గాలి పరీక్ష, వీటికి నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించి వారం వారం సంతకం చేయించండి.

ఈఎస్ఐ పది మందికి, పీఎఫ్ ఇరవై మందికి వర్తిస్తాయని తొమ్మిది మందితో ఒక సంస్థ, భార్య పేరుతో ఇంకో తొమ్మిది మందితో మరో సంస్థ నడిపేవాళ్ళున్నారు. అలా చీల్చుకున్నవాళ్ళు పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు ఏ సంస్థ పేరుతోనూ తీసుకోలేక వదిలేయడం చూశాను. మా దగ్గర పదో మనిషి చేరిన నెలే ఈఎస్ఐ కట్టాం. ఆ మరుసటి ఏడాదే మా దగ్గర గ్రైండింగ్ చేసే అతని చెయ్యి విరిగింది, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో బాగైంది.

గేటు దగ్గర

చివరగా ఒక చిన్న పని. 45 రోజులు ఎప్పటి నుంచి మొదలవుతాయో ఎవరూ పిల్లలకు చెప్పరు. సరుకు అందిన 15 రోజుల్లోగా కొన్నవాడు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే ఒప్పుకున్నట్టు చట్టం లెక్కవేస్తుంది. అందిన రోజుకు సాక్ష్యం డెలివరీ చలాన్ మీద గేటులో వేసే ముద్ర, తేదీ, సంతకం. చాలా గేట్లలో "రేపు ఇస్తాం, వెళ్ళండి" అంటారు. లారీ డ్రైవరుకు ముందే చెప్పి పంపండి: ముద్ర లేకుండా తిరిగి రావద్దు, ఆలస్యమైతే వెయిటింగ్ డబ్బు మేమిస్తాం, భోజనం ఖర్చు కూడా మేమిస్తాం.

మా డ్రైవరు ఒకసారి విశాఖపట్నం దగ్గరి పరవాడలో ఆ ముద్ర కోసం రాత్రి పదకొండు దాకా గేటు బయట కూర్చున్నాడు. మరునాడు మధ్యాహ్నం చలాన్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తేదీ పక్కన సెక్యూరిటీ గార్డు వేళ కూడా రాశాడు, 22:50 అని. దాన్ని చూసి నోట్‌బుక్ కుడి పేజీలో ఆ పార్టీ పేరు కింద 1 అని వేసి లెక్క మొదలుపెట్టాను. డబ్బు 43వ రోజున వచ్చింది.